ఆవుకు భర్త పేరు తప్పనిసరి

కరోనాకు ముందు ఏడు, మిరుగు, అంటే మృగశిర కార్తె ఇంకో పది రోజులుందనగా నన్ను కరీంనగర్ నుంచి ఉట్నూర్ పంపారు. అప్పట్లో నేనొక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ లీడ్‌ని. అంటే ఇతరుల కోడ్ చదివి తప్పులు పట్టాలి. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నా నోటికి సరిగ్గా సరిపోయిన ఉద్యోగం. ఊళ్లలో పింఛన్లు, పశువుల టీకాలు, బోరుబావులు నమోదు చేసే టాబ్లెట్ యాప్ మేం తయారుచేశాం. టీకాల భాగాన్ని తొలిసారి ఊళ్లో వాడి చూడటం నాకప్పగించిన పని.

యాప్‌లో ఒక్కో తెరను ఒక్కో కాంపోనెంట్‌గా రాస్తాం. ఖాళీ గడిని ఎర్రగా చూపడం, వయసు సరిచూడటం లాంటి పనులు చాలా తెరలకు కావాలి కాబట్టి ఒక్కచోట రాసి అన్నిటిలో కలుపుతాం. ఆ ముక్కను మిక్సిన్ అంటారు. అది ఏ రకం సమాచారం మీద పనిచేయాలో చెప్పకుండా ఆ చోటు ఖాళీగా వదిలితే జనరిక్ మిక్సిన్. మనిషినిస్తే మనిషి మీద, ఎద్దునిస్తే ఎద్దు మీద నడుస్తుంది.

ఒకే వరుసను రెండుసార్లు రాసినవాళ్లను నేను నేరస్తుల్లా చూసేదాన్ని. తండ్రి లేదా భర్త పేరూ, పద్దెనిమిది నిండిన వయసూ తప్పనిసరిగా అడిగేలా పింఛను తెర కోసం రాసిన మిక్సిన్‌నే బయల్దేరే ముందు రోజు అన్ని తెరల్లోనూ కలిపేశాను. మా టీమ్‌లోని రాజేశ్వరి, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంటి పిల్ల, అడ్డం చెప్పింది.

"పశువులది అలగ్ రాద్దాం మేడం. పప్పుల ఏసిన పోపు పాయసంల ఏస్తమా?"

వంట ముచ్చట వంటింట్లో పెట్టుకుందామన్నాను. అందరూ నవ్వారు, నేను గెలిచాననుకున్నాను. పింఛను తెర ఒక్కటే పరీక్షించి జీపెక్కాను.

మర్నాడు ఉట్నూరుకు అవతల ఒక గూడెంలో పశువులన్నీ వరుసగా నిలబడ్డాయి. వెటర్నరీ అసిస్టెంట్ గంగారాం మంచు డబ్బాలో గొంతువాపు టీకా సీసాలతో సిద్ధంగా ఉన్నాడు. చెవి ట్యాగు నంబరు కొట్టి పశువును నమోదు చేస్తేనే తెర మీద సీసా నంబరు వస్తుంది, ఆ తర్వాతే సూది. నమోదు లేకుండా వేస్తే అతనికి మెమో. మంచు కరిగితే మందు పారబోయాలి.

మొదటి ఆవు దగ్గరే గంగారాం నా వైపు తిరిగాడు.

"మేడం, ఆవుకు మొగని పేరు అడుగుతుంది. ఊరి ఆంబోతుది రాయాల్నా?"

నేను నవ్వలేదు. ఊరంతా నవ్వింది. రాయమన్నాను, రాశాడు. వెంటనే ఇంకో ఎర్ర వరుస వచ్చింది: వయసు పద్దెనిమిది నిండాలి. సరే, పద్దెనిమిది కొట్టమన్నాను. ఈసారి పశువుల తెర సొంత నిబంధన అడ్డుపడింది: పదిహేనేళ్లు దాటిన పశువుకు నమోదు లేదు. ప్రపంచంలో ఏ పశువూ దాటలేని గేటును నేను స్వయంగా కట్టానన్నమాట.

వెనకాల ఒక ఎద్దు పగ్గం పట్టుకుని జంగుబాయి అనే ఆమె నిలబడి ఉంది.

"గిది నాలుగు పండ్ల కోడె బిడ్డా, మూడేండ్లు దాటినయ్ గంతే. పద్దెనిమిదేండ్లు యాడికెల్లి తెస్తది? పోయినేడు గొంతువాపుతోని దీని జోడు పోయింది. గిది గిట్ల పోతే నాగలికి నా మొగణ్ణి కట్టాల్నా?"

"కట్టు, గాయనకు పద్దెనిమిది నిండినయ్ గద, మిషన్ తీసుకుంటది," అన్నాడు గంగారాం.

జీపు బానెట్ మీదికెక్కితే ఫోన్‌కు రెండు గీతల సిగ్నల్ వచ్చింది. యాభై దగ్గరపడ్డ వయసులో చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కి రాజేశ్వరికి చెప్పాను. ఆమె అక్కడే ఆ కోడ్ తెరిచి చూసింది.

"మిక్సిన్‌ల రకం రాయకుండ వదిలిన ఖాళీకి హద్దు పెట్టుండ్రి మేడం. మనిషి రకానికే పనిచేయాలని రాయుండ్రి. తప్పులన్నీ కంపైలరే చూపెడ్తది."

నాకు తెలుసన్నాను. తెలిస్తే బానెట్ మీద ఎందుకుంటాను?

ల్యాప్‌టాప్ తెరిచి ఆ హద్దు రాశాను. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వెంటనే నా తప్పులను వరుసపెట్టి చూపింది, మేడం అని కూడా అనకుండా. పశువులనే కాదు, బోరుబావులను కూడా తండ్రి పేరు అడుగుతున్నాం. మిక్సిన్‌ను రెండుగా విడగొట్టాను: ఖాళీ గడి చూసేది అందరికీ, వయసూ బంధుత్వమూ అడిగేది మనుషులకే. రెండు గంటలు పట్టింది. వైరు పెట్టి టాబ్లెట్‌లోకి ఎక్కించాను.

గంగారాం ముందుకు పిలవడంతో జంగుబాయి కోడెకే మొదటి సూది పడింది. ఆమె సీసా నంబరు చదివించుకుని, దాని మీద మందు గడువు తేదీ కూడా చూపించమని అడిగి, అప్పుడే కదిలింది. వరుస అయిపోకముందే మంచు కరిగిపోయింది. చివరి రెండు సీసాలు గంగారాం పారబోశాడు. నాలుగు ఇళ్ల పశువులు సూది లేకుండానే తిరిగి వెళ్లాయి. వాటికి వారం తర్వాత వేశారు. ఆ వారంలో ఏదీ చావకపోవడం నా గొప్పేమీ కాదు.

ఒకచోట రాసి పదిచోట్ల వాడే కోడ్‌లో, అది ఎవరి జోలికి వెళ్లకూడదో కూడా రాయాలి. రాయకపోతే ఆ హద్దును చివరికి ఎండలో పగ్గం పట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపెడతారు. కరీంనగర్ వచ్చాక, రాజేశ్వరి చదవకుండా నా కోడ్ ఏదీ బయటికి పోకూడదని రూలు పెట్టాను. మొదటి వారంలోనే పదకొండు తప్పులు పట్టింది. వాటిలో మూడింటిని ఇప్పటికీ ఒప్పుకోను.