రెజీనా పేరులో పగుళ్ళు

వాకాడు సెంటర్లో గిద్యోనుది ఫ్లెక్సీ కొట్టు. కొట్టంటే ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. ఇక్కడ అక్షరాలు కూర్చి ఫోనులో గూడూరు పంపితే అక్కడి మిషన్ మీద అచ్చయి, చుట్టగా చుట్టుకుని బస్సులో వస్తుంది. అంతకుముందు అతను పడవల మీద పేర్లు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చాక కుంచె వదిలి మౌసు పట్టుకున్నాడు.

ఈమధ్య కుర్రకారు అడిగేదల్లా పగుళ్ళ అక్షరమే. ఇటుకల్లా లావుగా, ఒళ్ళంతా బీటలతో, పెచ్చులూడిన గోడ మీది రాతలా ఉంటుంది. కబడ్డీ పోటీలకదే, హీరో పుట్టినరోజుకదే, బిరియానీ సెంటరుకూ అదే. గంటంతో తిన్నగా గీస్తే తాటాకు చీలుతుందని మన పెద్దలు అక్షరాలను గుండ్రంగా తిప్పుకున్నారంటారు. చీలకుండా ఇంతదూరం తెచ్చిన వాటిని పనిగట్టుకుని పగలగొట్టుకుని మనం ముచ్చటపడుతున్నాం. సరే, గిద్యోను సంగతికొద్దాం.

అతని భార్య రెజీనా కామెర్లతో పోయింది. సమాధి దగ్గర అతని కంట చుక్క రాలేదు. చర్చిలో పెట్టే సంతాప ప్రార్థనకు, ఆదరణ కూడికకు, ఫ్లెక్సీ కావాలన్నారని మర్నాడే కొట్టు తెరిచాడు. ఈ పనిలో ఎవరూ ఖాళీ తెర మీద మొదలుపెట్టరు. పాత ఫైలు తెరిచి పేరు, ఫొటో మారుస్తారు. అతనూ చేతికి తగిలిన ఫైలు తెరిచి, 'ప్రభువునందు నిద్రించిన' అని, కింద రెజీనా అని కొట్టి, పంపేశాడు.

కూడిక రోజు చర్చి గోడకు దాన్ని కట్టి, బావమరిది బెన్హర్ నిచ్చెన దిగి వెనక్కి నడిచి చూశాడు.

"బావా, ఇది కబడ్డీ ఫైలు గదా?"

అత్తగారు మగ్దలీనమ్మ దగ్గరికొచ్చింది. "ఏందయ్యా ఇది? నా బిడ్డ పేరు ఇట్టా పగిలిపోయుండాది?"

"అది మోడలత్తా. అందరూ అదే అడగతా ఉండారు." కొట్టుకొచ్చిన వాళ్ళకు చెప్పే మాటే నోటికొచ్చింది.

"పిల్ల చచ్చిపోతే మోడలా? నీళ్ళందక నెర్రెలిచ్చిన మడి మాదిరుండాది. జనం రాకముందే తీసెయ్."

"తీసేస్తే గోడ బోసిపోతాదిమా. ఇంకోటి గూడూరు నించి వచ్చేలోపల కూడికే అయిపోతాది" అన్నాడు బెన్హర్.

సిగ్గుపడాలని గిద్యోనుకు తెలుసు. సిగ్గు రాలేదు. ఎర్రటి అక్షరాల్లో తెల్లగా ఉన్న బీటలు మాత్రం కనబడ్డాయి.

"ఉండత్తా. ఎర్రరంగు తెచ్చి పూడుస్తా."

"పూడ్చింది చాల్లే నాయనా" అందామె. "పూడుస్తాననబాక, రంగేస్తానను."

"రంగేస్తానత్తా."

నిచ్చెనెక్కాడు. ఒకప్పుడు పడవలకు వాడిన ఆ ఎర్రరంగు కాస్త ముదురు, అచ్చు రంగుతో కలవలేదు. అయినా సన్నకుంచెతో ఒక్కో బీటలోకీ దింపుతూ పోయాడు. కింద డబ్బా పట్టుకున్న మగ్దలీనమ్మ వేలు చూపిస్తోంది: "జీ మీద గుడిలో ఒకటుండాది చూడు. ఆ పక్కన." అతను కుంచె అటు జరిపాడు.

కుర్చీలు నిండాయి. ఎవరో పాటకు గొంతు సవరించుకున్నారు.

"దిగు నాయనా, అయిపోయినాయి."

"ఇంకొకటి ఉండాదత్తా."

పగులెక్కడా మిగల్లేదు. గిద్యోను కుంచె పట్టుకుని నిచ్చెన మీదే నిలబడ్డాడు.