వీరమ్మ మేడమీద అద్దెకున్నవాళ్లు

వీరమ్మ కారం మర తిరుగుతున్నంతసేపు ఆ వీధిలోకి కొత్తవాళ్లెవరూ రారు. పాతవాళ్లయినా కొంగో తువ్వాలో ముక్కుకు అడ్డం పెట్టుకునే నడుస్తారు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసీ తీసీ కొనుక్కున్న మర అది. పెళ్లిళ్ల కారానికి ప్రత్తిపాడు నుంచి కూడా బస్తాలొస్తాయి.

ఇల్లంటే ఒక్కటే గది. ఆ గదంతా మరే, మంచం వసారాలో. అందుకే క్రిస్మస్‌కి పశువుల పాక కట్టాలంటే నిచ్చెనేసుకుని స్లాబు మీదికెక్కాల్సిందే. తాటాకులు కప్పి, పక్కలకి పాత చీరలు కట్టి, లోపల మరియమ్మనీ యోసేపునీ నిలబెట్టి, మధ్యలో గుడ్డలతో చేసిన చంటిబిడ్డని పడుకోబెట్టేది. పెద్దవాళ్లిద్దరూ జాన్ బాషా బట్టల కొట్లోంచి అరువొచ్చిన బొమ్మలు. యోసేపుకి ఒక చెయ్యి లేదు. దుప్పటి కప్పితే తెలియదు.

సరిగ్గా ఆ వారంలోనే మున్సిపాలిటీ నుంచి బాలు ఇంటిపన్ను కొలతలకొచ్చాడు. కొత్త ఉద్యోగం. ఘాటు తగలగానే వీధి మొదట్లోనే బండాపి, తుమ్ముతూ ఫోటో తీసుకుని పోయాడు. పోయి ఏం రాశాడయ్యా అంటే, పై అంతస్తు ఒకటి, అందులో అద్దెకో కుటుంబం.

పన్ను రెట్టింపైంది. వీరమ్మ ఆఫీసుకెళ్లింది.

"పైన ఏం లేదయ్యా, వచ్చి చూసుకోండి."

"ఫోటో ఉందిగా అమ్మా!"

కింది ఇంటి వరకూ కడతానంటే, కడితే మొత్తం కట్టమన్నారు. ఆవిడకి ఒళ్లు మండి మొత్తం మానేసింది. వాళ్లు కోర్టుకెక్కారు. ఓడిపోతే మర మోటారు జప్తు చేస్తారని బాలు చెప్పి మరీ పోయాడు, ఈసారీ వీధి మొదట్లోంచే, కేకేసి. ఆ మోటారు తిరిగితేనే వీరమ్మ పొయ్యి వెలిగేది.

నిజం మామూలుగా చెబితే ఎవరూ వినలేదు. సరే, ఇంకోలా చెబుదామనుకుంది. వకీలుని కూడా పెట్టుకోలేదు.

"మీ మేడమీద ఎవరుంటున్నారమ్మా?" అనడిగాడు మున్సిపాలిటీ ప్లీడరు.

"యోసేపు, మరియమ్మ, ఒక చంటిబిడ్డండి."

ఆ ప్రాంతంలో యోసేపులు వీధికి నలుగురుంటారు. ప్లీడరు మొహం వెలిగిపోయింది. "చూశారా సార్, ఒప్పుకుంది! అద్దె ఎంతిస్తారు?"

"పైసా ఇవ్వరండి. ఎదురు నేనే దుప్పట్లిస్తా."

"ఆ యోసేపు ఏం చేస్తాడు?"

"వడ్రంగి పనండి."

"బిడ్డ అతని బిడ్డేనా?"

"అది చెప్పాలంటే మా పాస్టరు గారు రావాలండి. గంట పడుద్ది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి గారు కళ్లజోడు తీసి వీరమ్మ వంక చూశారు. "వాళ్లని వచ్చే వాయిదాకి తీసుకురాగలవా?"

"వాయిదా దేనికండి? బయట ఆటోలోనే ఉన్నారు."

ఆటోవాడు పెద్ద బొమ్మలిద్దర్నీ చెరో చంకలో పెట్టుకుని, గుడ్డ బిడ్డని భుజానేసుకొచ్చాడు. మరియమ్మ కట్టుకున్న చీరకి కొట్టు చీటీ ఇంకా వేలాడుతోంది. యోసేపు తూలితే గుమస్తా పట్టుకోబోయాడు. ఉన్న ఒక్క చెయ్యీ ఊడి ఆయన చేతిలోకొచ్చింది.

నవ్వులు తగ్గాక జడ్జి గారు బాలుని లేపారు. "ఆ మేడకి మెట్లెటువైపున్నాయి?"

"మెట్లు... చూళ్లేదు సార్. ఘాటండీ."

పై అంతస్తు పన్ను కొట్టేశారు, దాంతో జప్తు మాటా పోయింది. కోర్టుకి ఇంకోసారి బొమ్మలు తెస్తే లోపలేయిస్తానని వీరమ్మకీ నాలుగు చివాట్లు తగిలించారు, నవ్వు రాకుండా పెదవి బిగబట్టుకుని. కింది ఇంటి పన్ను ఆవిడ ఆ సాయంత్రమే కట్టేసింది.

మళ్లీ డిసెంబరొచ్చింది. మొహానికి రుమాలు కట్టుకుని బాలు తాటాకులు మోస్తున్నాడు. మొదటిసారి ఇంటిదాకా వచ్చాడు.

"పిన్నీ, ఈసారి పాక కింద కట్టుకోకూడదా? కొలతలకి ఇంకో కొత్తోడొస్తున్నాడు."

వీరమ్మ మర స్విచ్చేసింది. మోటారు గుర్రుమంది.

"కింద చోటెక్కడుందిరా? అప్పుడు బేత్లెహేములోనూ వాళ్లకి ఇదే మాట చెప్పారు. ఎక్కెక్కు, నిచ్చెన నే పట్టుకుంటా."