వెనక సీటు మనిషి

హిందూపురం మోటారుసైకిల్ సంఘంవాళ్లు మా మేనత్తను లేకుండా చేశారు. వాళ్ల గది గోడ మీద మా మామ ఫోటో పెట్టి, కింద ‘ఈ ప్రాంతం నుంచి ఒంటరిగా లడఖ్ వెళ్లిన తొలి సాహసి’ అని రాయించారు. ఒంటరిగా అట. ఆ బండి మీద వెనక కూర్చున్నది ఎవరు మరి?

కొండదారిలో గాలి హోరుకు మాట వినబడదు. మామ కళ్లు దారి మీద ఉంటే, అత్త కళ్లు పైనుంచి దొర్లే రాళ్ల మీద ఉండేవట. ఎడమకు తప్పుకోవాలంటే ఎడమ భుజం, కుడికైతే కుడి భుజం తట్టేదట.

మామ పోయాక కూడా ఆ చేయి ఊరుకోలేదు. ధర్మవరం నుంచి పెనుకొండకు బస్సులో వస్తుంటే, మలుపు వచ్చినప్పుడల్లా ముందు సీటు కమ్మీని తట్టేది.

“ఏమత్తా, డ్రైవరు నీ మాట వింటాడా?” అన్నాను.

“వినకపోతే మానె. చెప్పేది మన పని కదప్పా” అంది.

ఇప్పుడు ఆమె కూడా లేదు. అందుకే సంఘానికి నేనే వెళ్లి, అత్త పేరు కూడా రాయమని అడిగాను. నాయకుడు నవ్వాడు.

“వెనక కూర్చున్నోళ్లను గూడా లెక్కలోకి తీసుకుంటారా తాతా?”

చెప్పేది నా పని అనుకుని, హిందూపురం వెళ్లినప్పుడల్లా అత్త భుజం తట్టిన సంగతి చెప్పి, అదే అడిగి వచ్చాను.

మొన్న ఆ సంఘంలో బండి నడిపే అమ్మాయి మా ఇంటికే వచ్చి చెప్పింది:

“ఒంటరిగా అనే మాట చెరిపించినాం తాతా. అవ్వ పేరు గూడా రాయించినాం. వచ్చే నెల నేనూ మా ఆయనా లడఖ్ పోతాండాం. నేను నడుపుతా, ఆయన వెనక కూర్చుంటాడు. ఎప్పుడు యాడ తట్టాలో ఇప్పట్నుంచే నేర్పిస్తాండా.”