సెలూన్ కుర్చీతో బాపట్ల ప్రయాణం

రేపల్లెలో మేం ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి అక్క మా గడప తొక్కలేదు. కోపం కాదు, మోకాళ్ళు. కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తుంది గానీ, కాళ్ళు మడిచి, ఒళ్ళు తిప్పి కార్లో కూర్చోవడం తనవల్ల కాదు. బాపట్లలో బావగారికి పాత కారుంది. దాని రిపేర్లన్నీ ఆయనే చేసుకుంటారు. సీటే బయటికి తిరిగితే అక్క ఎక్కగలదని ఆయనకు తోచింది. తెనాలిలో సెలూన్ నడిపే మా ఎదురింటివాళ్ళ బాబాయి పాత తిరిగే కుర్చీలు తీసేస్తున్నాడని నాకు తెలిసింది. తెచ్చే పని నేను తీసుకున్నాను.

పొద్దున్నే ప్యాసింజరెక్కి తెనాలిలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని సెలూన్‌కి వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. ఆయన కుర్చీ పైభాగం విప్పేసి, కింది ఇనప దిమ్మను గోనెలో చుట్టి ఉంచాడు.

"అక్కగారు కారెక్కాక ఒక ఫోన్ చేయించండమ్మా," అన్నాడు.

బాపట్ల రైల్లో తలుపు దగ్గర ఖాళీ చేపల గంపలతో కూర్చున్నావిడ గోనె తొలగించి చూసింది.

"ఏంటి పిన్నీ, రైల్లో సెలూన్ పెడతావా?"

"మొదటి బేరం నీదే, కూర్చో!"

సంగతి చెప్పాను. "మా అమ్మా అంతే, మంచం దిగదు," అంది మెల్లగా. బాపట్లలో తన గంపలు పక్కన పెట్టి, దిమ్మ దించడానికి రెండో చెయ్యి తనే వేసింది.

భోజనాలయ్యాక బావగారు కారు సీటు విప్పి దిమ్మ మీద బిగించారు. చక్కగా తిరిగింది. నేనెక్కి కూర్చుంటే నా తల పైకప్పుకు తగిలింది. బావగారి మొహం వాడిపోయింది.

గుమ్మంలో కూర్చుని చూస్తున్న అక్క, "నాకు సింహాసనం ఎందుకండీ? తిరగలి ఎత్తుంటే చాలు," అంది.

నిజమే. కావలసింది తిరిగే పళ్ళెం, దాని కింది స్తంభం కాదు. వెల్డింగ్ షాపులో స్తంభం కోయించి, పళ్ళేన్ని సీటు పాత బోల్టులుండే చోట్లకే బిగించి, దాని మీద సీటు అమర్చారు. మీరెవరైనా ఇలా చేసుకుంటే ఒక మాట: సీటు తిరగడం కంటే, కారు నడిచేటప్పుడు తిరగకుండా ఉండటం ముఖ్యం. మేం లావుపాటి గొళ్ళెం పెట్టించి, మెకానిక్‌కి చూపించాం. ఆ తర్వాత సూర్యలంక రోడ్డులో బెల్టు పెట్టుకుని నేను కూర్చున్నాను. బావగారు గట్టిగా బ్రేకు వేశారు. సీటు కదల్లేదు.

మర్నాడు ఉదయం అక్క వీధి వైపు తిరిగి ఉన్న సీట్లో కూర్చుంది. బావగారు వంగి ఆమె పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుని, సీటుతో పాటు మెల్లగా లోపలికి తిప్పారు.

"కాళ్ళొదలండి, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. వదిలితే తలుపుకి కొట్టుకుంటాయి."

నేను వెనక సీట్లో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

కర్లపాలెం దాటాం. చెరుకుపల్లిలో టీ తాగాం. అక్కడినుంచే అక్క తెనాలికి ఫోన్ చేసింది: "ఎక్కాను తమ్ముడూ. నీ కుర్చీ భేషుగ్గా ఉంది."

పదకొండింటికి మా గేటు ముందు ఆగాం. బావగారు గొళ్ళెం తీసి సీటు తిప్పారు. అక్క పాదాలు మా వాకిలి వైపు వచ్చాయి. కానీ దిగలేదు.

"ఏంటక్కా, నొప్పిగా ఉందా?"

"లేదే. దిగితే లోపలికి లాక్కుపోతావు. కాసేపు నీ ఇల్లు బయటి నుంచి చూడనీ."

కాఫీ అక్కడికే తెచ్చాను.