చెరువు మూల మట్టి

మా సార్ పోయారని నేను కోదాడ బస్టాండ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది సార్ వాళ్ల అమ్మాయి. "నాయిన మొన్న గూడ నిన్నడిగిండక్కా," అంది. ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకింకా పోలేదు, ఏం చేయను?

సూర్యాపేట డిగ్రీ కాలేజీలో ఆయన మాకు భూగర్భశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక కూడా ఎండాకాలం వస్తే ఇంటిపట్టున ఉండేవారు కాదు. నెత్తికి తువాలు చుట్టుకుని ఎండిన చెరువుల్లో తిరిగేవారు. బురద కనబడితే చాలు, చిటికెడు తీసి పంటి కింద వేసుకునేవారు. కరకరలాడితే ఇసుక, మెత్తగా జారితే బంకమట్టి. తర్వాత పుక్కిలించి ఉమ్మేసి, ఏమీ ఎరగనట్టు మిర్చిబజ్జీలు తినేవారు. "ఇంట్ల అన్నం పెడ్తలేరా సార్?" అని మేం ఆటపట్టించేవాళ్లం.

కోదాడలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటున్న నేను పీహెచ్‌డీలో చేరింది ఆయన మాట మీదే. "బండ కరిగితేనె మట్టి అయితది బిడ్డా. వాన పడితేనె బండ కరుగుతది. మట్టిల ఏం మిగిలిందో సూస్తె అప్పట్ల వాన ఎట్లుండెనో తెలుస్తది," అన్నారు. వానలు బాగా కురిసిన కాలంలో రాతిలోని సోడియం, కాల్షియం నీళ్లలో కరిగి వెళ్లిపోతాయి. అల్యూమినియం బంకమట్టిలో మిగులుతుంది. కరువు కాలంలో రాయి సగం కరగకుండానే, సోడియంతో సహా వచ్చి చెరువులో పడుతుంది. అలా పొర మీద పొర.

నేరేడుచర్ల దగ్గర ఒక చెరువులో మాకు కావలసిన మూల దొరికింది. ఎండాకాలంలో రైతులు చెరువు మట్టిని పొలాలకు తోలుకోవడం మా వైపు మామూలే. ఆ మూల మాత్రం ట్రాక్టర్ దిగబడుతుందని ఎవరూ ముట్టలేదు. పోయినేడు సార్, నేను అక్కడ ప్లాస్టిక్ పైపు దించి, పొరలు చెదరకుండా మట్టిని పైకి లాగాం. ల్యాబులో చూస్తే నడిమి పొరలో సోడియం బాగా ఎక్కువుంది. పెద్ద కరువా? లేక పక్క గుట్టను ఎవరైనా తవ్వితే కొత్త రాతిపొడి కొట్టుకొచ్చిందా? నాకు కరువని రాసేయాలని ఉబలాటం. సార్ ఒప్పుకోలేదు.

"ఒక్క సాక్షితోని తీర్పు చెప్పొద్దు. వచ్చే ఎండకాలం అదే మూలల, గుట్టకు దూరంగ ఇంకో పైపు దించుదాం. గాడ గూడ గా పొర ఉంటె కరువే."

ఏడాది ఆగాను. ఈ ఎండాకాలం పైపు పట్టుకుని వెళ్తే అక్కడ మూలే లేదు. మిషన్‌తో తవ్విన గుంత, దాని చుట్టూ ట్రాక్టర్ల జాడలు ఉన్నాయి. గట్టు మీది రైతు నన్ను గుర్తుపట్టి సంబరంగా చెప్పాడు. "మీ సారే సూపిచ్చిండు మేడం. నోట్లేసుకొని సూసి, గిసొంటి మట్టి యాడ దొర్కది, తోలుకోండ్రి అన్నడు. మిషన్ పెడితె దిగబడదని గూడ ఆయ్‌నే జెప్పిండు."

అట్నుంచి అటే సూర్యాపేట వెళ్లాను. సార్ బుకాయించలేదు. "ఇసుక చెల్క నేలలు బిడ్డా వాళ్లయి, నీళ్లు నిలుస్తలేవు. మంచి మట్టి ఏడుంటదని అడిగిండ్రు. తెల్సి తెల్సి ఎట్ల చెప్పకుంట?"

"వాళ్లకు చెప్పండి సార్, వద్దనను. తవ్వేముందు నాకొక ఫోన్ చేస్తే పొద్దున్నే వచ్చి పైపు దించుకునేదాన్ని కదా!"

ఆయన తలొంచుకున్నారు. "నువ్వు వద్దంటవనుకున్న. వద్దంటె ఇగ వాళ్లకు చెప్పలేకపోదును."

మట్టి పోయినా ఎలాగో సర్దుకునేదాన్నేమో. నన్ను అడగనక్కర్లేదని ఆయన ముందే తేల్చేసుకోవడం మాత్రం మింగుడుపడలేదు. నమ్మించి గొంతు కోశారని ముఖం మీదే అన్నాను. టీ తాగి పొమ్మన్నారు. తాగలేదు. ఏళ్ల తరబడి చేసిన పని అక్కడే ఆగింది. ఆ పొర కరువుదో కాదో ఇక ఎవరూ చెప్పలేరు.

నాకు మట్టిని చదవడం నేర్పింది ఆయనే, ఆ రుణం తీరేది కాదు. క్లాసులో పిల్లలు తొందరపడి జవాబు చెబితే ఇప్పటికీ నా నోట ఆయన చెప్పిన ఆ ఒక్క సాక్షి మాటే వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

సూర్యాపేటలో సంతాప సభ పెట్టారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన పాత విద్యార్థి ఒకాయన మైకు పట్టుకుని, "మా సార్ తనకు తెలిసింది ఎన్నడూ ఎవరి దగ్గరా దాచలేదు," అన్నాడు. అందరూ తలూపారు. ముందు వరసలో కూర్చున్న నేనూ ఊపాను.

సభ అయ్యాక కోదాడకు తిన్నగా పోకుండా నేరేడుచర్ల బస్సెక్కాను. తొలి వానలు పడి ఉన్నాయి. రైతు పొలంలో చెరువు మట్టిని దున్నేశారు, పొరలన్నీ కలిసి ఒకటే నల్లరంగు. తవ్విన గుంతలోకి కాలువ నీళ్లు దిగుతున్నాయి. అంచున నీళ్లు తేరుకున్నచోట వంగి చూశాను. అడుగున సన్నగా, మెత్తగా ఎర్ర బురద పేరుకుంటోంది. సార్ పోయిన ఏటి పొర అది. వేలితో కదిపితే దాని కింద వట్టి మొరం తగిలింది.