అద్దాలాయన కొన్న దారిచూపే పెట్టె

రేవు వీధిలో కళ్లద్దాల దుకాణం నడిపే ఆయన్ని ఊళ్లో అందరూ అద్దాలాయన అనే పిలిచేవారు. యాభై రెండేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, ఏదో మరిచిపోయి బయల్దేరినవాడిలా ఎప్పుడూ నుదురు ముడేసుకుని ఉండేవాడు. రెండు చొక్కాలు చూపిస్తే ఏది తీసుకోవాలో తేలక రెండూ వదిలేసి వచ్చేసే రకం. ఆయన మీనమేషాలు లెక్కపెట్టకుండా చేసిన పనులు జీవితం మొత్తానికి రెండే. ఒకటి పెళ్లి. రెండోది పడవ కొనడం.

పదమూడు అడుగుల చెక్క పడవ అది. ఒకటే తెరచాప. గాలి లేనప్పుడు వేసుకోవడానికి ఒక జత తెడ్లు. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ల మోకాళ్లకు కూడా చోటుండదు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం చేసే ఆయన భార్య దాన్ని సవతి అనేది. ఆదివారం పొద్దున్నే ఆయన తాళ్లు సర్దుకుంటుంటే, "వెళ్లండి వెళ్లండి, చెల్లెలు మీకోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటుంది" అని సాగనంపేది.

ఆ ఏడు చలికాలం చివర్లో ఒక ఆదివారం సవతి ఆయన్ని ముంచినంత పని చేసింది. రేవు దాటి కిలోమీటరు వెళ్లాడో లేదో, పొగమంచు దిగింది. ఎటు చూసినా తెలుపే. తెరచాప పైకొస కూడా కనపడలేదు. ప్లాస్టిక్ సంచిలోంచి ఫోన్ తీసి మ్యాప్ కోసం నొక్కాడు. తడి వేళ్లకు అది పలకలేదు. చొక్కాకు తుడిచి మళ్లీ నొక్కితే దుకాణానికి వచ్చే ఒకావిడకు ఫోన్ వెళ్లింది. తన కళ్లద్దాలు తయారయ్యాయనుకుని ఆవిడ సంబరపడింది. ఆయన సముద్రం మధ్యలోంచి, "ఇంకా రెండ్రోజులు పడుతుందండీ" అని చెప్పి పెట్టేశాడు. కాపాడమని అడగాలన్న సంగతి తట్టేసరికి బ్యాటరీ అయిపోయింది.

మూడు గంటల తర్వాత పడవ అడుగు ఇసుకలో గీసుకుంది. బతుకుజీవుడా అని దిగి చూస్తే అది ఎప్పుడూ చూడని ఒడ్డు. అక్కడికి ఇల్లు ఐదు కిలోమీటర్లు. తెడ్లు భుజాన వేసుకుని నడిచి వచ్చాడు.

గుమ్మంలో భార్య ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. కేకలేయలేదు. అందుకే ఆయనకు ఎక్కువ భయమేసింది.

"ఏమండీ, ఒకటే మాట. పడవకు దారి చూపే యంత్రమైనా కొనండి, లేదా పడవనైనా అమ్మేయండి. రెండింట్లో ఏదో ఒకటి తేల్చండి."

ఆయనకు చేతకాని పనే చెప్పింది.

రేవు దగ్గర తాళ్లు, గాలాలు, లైఫ్ జాకెట్లు అమ్మే కొట్టు ఉంది. కొట్టావిడ బల్లమీద నాలుగు జీపీఎస్ యంత్రాలు వరసగా పెట్టింది. నాలుగూ అరచేతిలో ఇమిడేవే.

"చవకలో ఏది మంచిదమ్మా?" అన్నాడాయన.

"దేనికది మంచిదే అన్నయ్యగారూ. ఇది బటన్లది. ఇది వేలితో తాకితే చాలు. ఇందులో సముద్రం లోతులతో సహా మ్యాపుంటుంది. ఇది కొండలెక్కేవాళ్లు కొంటారు, సముద్రం మొత్తం ఖాళీగా కనిపిస్తుంది."

"ఖాళీగా ఉంటే దారెలా తెలుస్తుంది?"

"బాణం గుర్తు చూపిస్తుంది. కాకపోతే పడవ కదులుతుంటేనే. ఆగితే దానికి దిక్కు తెలీదు. ఆగినా చూపించేది కావాలంటే ఇదిగో, లోపల దిక్సూచి ఉంది. రేటు దీనికి రెట్టింపు."

"మరి సెల్లులు ఏవి వేయాలి?"

"రెండిటికి గోడ గడియారంలో వేసేవే. మిగతా రెండూ ఫోన్ లాగా చార్జింగ్ పెట్టాలి."

ఆయన నాలుగూ ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. లోతులున్న దానికి చార్జింగ్ కావాలి. మామూలు సెల్లులున్న బటన్లదాంట్లో మ్యాపు లేదు. మ్యాపూ సెల్లూ రెండూ ఉన్నది వేలితో తాకేది, తడి వేళ్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. అరగంట నిలబడి బుర్ర గోక్కుని, మళ్లీ వస్తానని ఇంటికొచ్చేశాడు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. స్థలాలు కొలిచే సర్వేయరు, తెలియని సంగతంటూ ఉండదు. "బావా, అది చూపించే చోటు ఎన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుందో కనుక్కున్నావా? ఎన్ని రకాల ఉపగ్రహాల్ని పట్టుకుంటుంది? తడిలో ఎంతసేపు ఆగుతుందో సంఖ్య రాసుంటుంది, చూశావా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగాడు. ఆయన అవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మర్నాడు మళ్లీ వెళ్లాడు. అన్నిటికీ జవాబులొచ్చాయి. జవాబుల తర్వాత ఏది కొనాలో ముందుకన్నా అగమ్యగోచరంగా తయారైంది. ఆ ధ్యాసలో తన దుకాణంలో ఒక పెద్దాయనకు దూరం అద్దాల చట్రంలో దగ్గర అద్దాలు బిగించాడు కూడా.

నాలుగోసారి వెళ్లేసరికి కొట్టావిడకు తల ప్రాణం తోకకొచ్చింది. పక్కనే బకెట్లో నీళ్లున్నాయి. బల్లమీది నాలుగు పెట్టెల్నీ ఆయన ముఖం వంక చూస్తూ గబగబా అందులో వేసింది. ఆయన నోరెళ్లబెట్టాడు. మూడు మునిగాయి. పసుపురంగు బటన్ల పెట్టె ఒక్కటి బుడుంగున పైకి తేలింది. అది అన్నిట్లోకీ చవకది. మ్యాపు లేదు, దిక్సూచి లేదు.

"ఇదిచ్చేయమ్మా," అన్నాడు. ఎందుకో ఆయనకే తెలియదు. ఇంటికి నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకున్నాడు.

యంత్రంలో రేవు ముఖద్వారం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాల అంకెల్లో కొట్టి దాచుకోవాలి. అప్పుడు ఎక్కణ్నుంచైనా బాణం అటు చూపిస్తుంది. ఆ అంకెలు బావమరిది తన ఆఫీసులో చూసి చీటీ మీద చక్కగా రాసిచ్చాడు. ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, అద్దాలు బిగించేటప్పటి ఏకాగ్రతతో ఒక్కో అంకె నొక్కాడు. పెట్టె కిచకిచమని ఒప్పుకుంది.

"నేనూ వస్తాను," అంది భార్య ఆ ఆదివారం. "మీరూ ఆ పెట్టే కలిసి ఏం చేస్తారో కళ్లారా చూడాలి."

వెళ్లేటప్పుడు ఎండ బాగానే ఉంది. తిరుగుదామనుకునే వేళకు గాలి పడిపోయి, దూరాన ఒడ్డు మసకబారి, చూస్తుండగానే మాయమైంది. ఆయన తెరచాప దించి తెడ్లు వేశాడు. తెడ్లేసేవాడు పడవ వెనక్కి ముఖం పెట్టి కూర్చుంటాడు కనుక పెట్టె ఆమె చేతికిచ్చాడు.

"కుడికి," అంది ఆమె.

ఆయన కుడికి తిప్పాడు.

"అయ్యో, కుడికండీ!"

"కుడికేగా తిప్పాను! నీ కుడివైపా, నా కుడివైపా?"

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె కుడి ఆయనకు ఎడమ. ఆ సంగతి తేలేలోపు పడవ గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. దిక్కు తెలియక బాణం కూడా తిరిగింది. చివరికి ఆమె, "కుడీ ఎడమా వద్దు. నేను ఏ చెయ్యి ఎత్తితే అటు," అంది.

అలా పావుగంట వెళ్లారు. బాణం ముందుకే చూపిస్తోంది. ఇంకో మూడు వందల మీటర్లని పెట్టె చెబుతోంది. ఆయన తెడ్లు ఆపి చెవి ఒగ్గాడు. ముందు ఎక్కడో అలలు బండలకు కొట్టుకుని చిట్లుతున్న చప్పుడు. రేవు ముఖద్వారంలో అలలు చిట్లవు. అక్కడ నీళ్లు నిమ్మళంగా ఉంటాయి.

"ఇది తప్పు," అన్నాడు. మరుక్షణమే, "ఏమో, నా చెవులే తప్పేమో," అన్నాడు. "పెట్టెకు ఆకాశంలోంచి తెలుస్తుంది కదా. నాకేం తెలుస్తుంది?"

చెప్పు చెప్పు అన్నట్టు భార్య ముఖంలోకి చూశాడు. పడవ మెల్లగా ఆ చప్పుడు వైపే జారుతోంది. లంగరు విసిరాడు. అది పట్టుకుంది.

ఆమె పెట్టె బటన్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. తెరమీద సన్నటి చుక్కల గీత ఒకటి వచ్చింది.

"ఈ చుక్కలేంటండీ?"

"మనం పొద్దున వచ్చిన దారి. దానంతట అదే గీసుకుంటుందని పుస్తకంలో ఉంది."

"మరి ఇది కుడిపక్కకు వంగి పోతోందే. బాణమేమో ఇందాకటిదాకా నేరుగా ముందుకే పొమ్మంది."

"రెండూ ఒకే పెట్టెలోవే కదా! దేన్ని నమ్మాలి?"

ఆమె చుక్కల మీద వేలు పెట్టింది. "బాణం చెప్పిన చోటికి మనం ఎన్నడూ వెళ్లలేదు. చుక్కలున్న చోట పొద్దునే ఉన్నాం, మునగలేదు. చుక్కల మీదే పదండి."

లంగరు లాగి, ఆమె ఎత్తిన చేతినే చూస్తూ ఆయన తెడ్లేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. అలల చప్పుడు పక్కనుంచి వెనక్కి వెళ్లింది. కాసేపటికి మంచులోంచి రేవు రాతిగోడ ఆయన వెనకాల నల్లగా పైకి లేచింది. ఆమె ముందు చూసి, పెట్టె ఒళ్లో పడేసి రెండు చేతులూ ఎత్తేసింది. ఎటు తిప్పాలో తెలియక ఆయన తెడ్లు వదిలేశాడు. పడవ తనంతట తనే నెమ్మదిగా లోపలికి జారింది.

ఇంటికొచ్చాక ఆమె చీటీ ముందేసుకుని కూర్చుంది. చిరునామాల్లో ఒక్క అంకె తప్పినా పట్టుకునే మనిషి.

"ఈ చివర ముప్పై పక్కన రెండు చిన్న గీతలున్నాయి. ఏంటవి?"

ఆయనకు తెలియదు. బావమరిదిని పిలిపించారు. "సెకన్లక్కా," అన్నాడతను. "గడియారంలోవి కావు, డిగ్రీలో భాగాలు. అరవై సెకన్లు ఒక నిమిషం. ముప్పై అంటే అర నిమిషం."

పెట్టె సెకన్లు తీసుకోదు, నిమిషంలో పదో వంతులు, వందో వంతులు తీసుకుంటుంది. ఆయన ముప్పైని ముప్పైగానే కొట్టాడు. సగం, అంటే వందలో యాభై అని కొట్టాల్సింది. పెట్టెకు అది సగం కాలేదు, వందలో ముప్పై అయింది. ఆ కాస్త తేడాకు రేవు ముఖద్వారం మూడు వందల డెబ్బై మీటర్లు జరిగి బండల మీదికి పోయింది.

బావమరిది ముఖం పాలిపోయింది. "చెప్పి ఉండాల్సింది బావా. నాకసలు ఆ ఆలోచనే రాలేదు."

"నాకూ రాలేదు లేవోయ్," అన్నాడాయన. ఇంతా విన్నాక కూడా ఆయనకు సగమే బోధపడింది. ముప్పై ఒకచోట సగం, ఒకచోట కాదు అన్నది ఆ రాత్రి భోజనంలో కూడా కొరుకుడు పడలేదు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ పడవ ఎక్కలేదు. రేవు రాతిగోడ కొసదాకా నడిచి వెళ్లారు. ఎవరో రాసిచ్చిన అంకెలెందుకు, అక్కడే నిలబడి బటన్ నొక్కితే ఆ చోటు అదే గుర్తుపెట్టుకుంటుందని ఆమె పుస్తకంలో చదివింది. ఆమె నొక్కింది. ఆయన తీసుకుని, నిజమేనా అని అక్కడే నిలబడి మరోసారి నొక్కాడు. రెండు గుర్తులూ పక్కపక్కన పడ్డాయి. మధ్య నాలుగు మీటర్ల దూరం.

ఆయన తన కాళ్ల వంక చూసుకున్నాడు. గోడ వంక చూశాడు. "మనం కదల్లేదే. మరి జరిగిందెవరు? రేవా?"

"ఎవరో ఒకరు జరిగారు లెండి," అంది ఆమె పెట్టె లాక్కుని సంచిలో వేసుకుంటూ. "నాలుగు మీటర్లే కదా, అంతమాత్రానికి రేవు ద్వారం తప్పిపోం. పదండి, ఆకలేస్తోంది."