చీమలపుట్ట గట్క

శైలజను కంపెనీల నుంచి ఎల్లగొట్టిన్రని మక్తల్ ఊరంత చెప్పుకుంటున్నరు గద, అది ఉత్త ముచ్చట. జడ్చర్ల మందుల కంపెనీల నౌకరీ ఆమెనే ఇడిసిపెట్టింది. మా పక్కింట్ల కిరాయికుంటది, నాకు తెల్వదా? మన ఇండ్లల్ల ఎనుకట ఏం వండిన్రు, ఎట్ల బతికిన్రు అని ముసలోళ్లను అడిగి పత్రికలకు రాస్తది.

ఆమె చిన్నాయిన కిష్టయ్యకు గదే కడుపుమంట. వాళ్ల పుల్లమ్మవ్వ ముచ్చట రాసింది మరి. కరువుల అవ్వ చీమలపుట్టలు తవ్వి, చీమలు దాసుకున్న జొన్నలు చెరిగి, రవ్వ ఇసిరి గట్క వండి పిల్లలను బతికిచ్చిందట. ఆ గట్కతోని బతికిన కొడుకే గీ కిష్టయ్య. గిప్పుడు ప్లాట్లు అమ్ముకుంట తెల్లబట్టలేసిండు. చీమల ముచ్చటొస్తే బట్టలకు మరకంటదట!

"అదంత అబద్ధమని మళ్ల రాయి. లేకుంటే స్నిగ్ధ పెండ్లికి రాకు" అన్నడు. స్నిగ్ధ ఆయన బిడ్డ. శైలజ సంకల పెరిగిన పిల్ల.

"అవ్వ చెప్పింది అబద్ధమెట్లయితది చిన్నాయినా?" అన్నది శైలజ. గంతే. ఊరందరికి పెండ్లికార్డు పోయింది, ఆమెకు తప్ప.

పెండ్లికి నేను పోయిన. బువ్వకాడ ఇంత పెద్ద ఫ్లెక్సీ, అవ్వ ఫోటో, 'పుల్లమ్మ గారి రాజులకాలం గట్క' అని. కింద శైలజ నాకు చదివి ఇనిపిచ్చిన మాటలే. చీమలను తీసేసి రాజులను పెట్టిండు, దొంగసచ్చినోడు. ఏ రాజు తిన్నడయ్యా మీ గట్క?

"ఏం కిష్టన్నా, గిది రాసిన పిల్లేది?" అన్న.

"పెండ్లికాడ గా ముచ్చటెందుకక్కా? గట్క తిను."

"ఏం తినాలె? గోధుమరవ్వ ఉడకబెట్టి గట్క అంటున్నవు. చీమలు గూడ ముట్టయి!"

పక్కనున్న సైదమ్మ కిసుక్కున నవ్వింది. కిష్టయ్య కండువ సదురుకుంట జారుకున్నడు. సిగ్గున్నోడైతే గద!

అక్షింతలెయ్యబోతే స్నిగ్ధ నా చెయ్యి ఇడుస్తలేదు. "అక్క రాలేదా పెద్దమ్మా?" అంటది.

ఇంటికొచ్చి చూస్తే శైలజ పొయ్యే ముట్టియ్యలే. "ఆకలైతలేదు పెద్దమ్మా" అన్నది. నా ఇంట్ల బువ్వ కలిపి ముందట పెడితే గప్పుడు తిన్నది.

నేనేమో బిడ్డ కాన్పుకని అచ్చంపేటొచ్చి కూసున్న. మీరెవరన్న మక్తల్ దిక్కు పోతే, బస్టాండు ఎనక గల్లీల జర శైలజ తలుపు కొట్టుండ్రి. తిన్నవా బిడ్డా అని అడుగుండ్రి. తిన్న అంటది. నమ్మకుండ్రి, గిన్నె మూత తీసి చూడుండ్రి.